వంక మీద మంచం

మూడో రోజు కూడా క్యారేజీ సర్దే పని బుల్లెమ్మకే పడింది.

అడుగు గిన్నెలో వేడన్నం, మధ్య గిన్నెలో పప్పు, పై గిన్నెలో గోంగూర పచ్చడి. మజ్జిగ వేరే చెంబులో. ఇష్టమైనవి వండి పంపిస్తే మొగుడు మెత్తబడతాడని సోమవారం అనుకుంది. మంగళవారానికి ఆ ఆశ సగం చచ్చింది. ఇవాళ ఏ ఆశా లేకుండానే వండింది. మనిషన్నాక తిండి పెట్టకుండా ఉండలేం కదా.

"అత్తయ్యా, ఎండెక్కింది. ఇవాళ నేను తీసుకెళ్తానులే" అంది కోడలు కుసుమకుమారి.

"నువ్వెళ్తే ముట్టుకోడు. ఈ మూడు రోజులూ నువ్వు ఆయనకి కోడలివి కాదు, కోటయ్య పెళ్ళానివి."

"నేను ఒక్క మాటైనా అన్నానా ఆయన్ని?"

"అనక్కర్లేదమ్మా. వాడికి అన్నం పెడుతున్నావుగా, అది చాలు."

కుసుమ బిందె ఎత్తి తొట్టిలో నీళ్ళు పోసింది.

ఇంటి వెనక గొడ్ల చావిడి పక్కన కోటయ్య గొంతుకూర్చుని గోతిలోకి చూస్తున్నాడు. వారం కిందట తనే తవ్విన గొయ్యి అది. మోకాటి లోతుకే నీళ్ళు తగిలాయి. పదకొండేళ్ళ కిందట దివిసీమ నుంచి ఈ సింధనూరు వైపు వచ్చి ఇల్లు కట్టుకున్న కొత్తలో, అదే చోట బావి కోసం ముప్పై అడుగులు తవ్వినా తడి తగల్లేదు. తరవాత తుంగభద్ర కాలువ వచ్చింది. వచ్చిన వాళ్ళంతా వరి వేశారు. ఏడాదికి రెండు పంటలు, పన్నెండు నెలలూ చేలో నీళ్ళు. నల్లరేగడి తాగగలిగినంత తాగింది. ఇప్పుడిక తాగలేక పైకి కక్కుతోంది.

"కోటిగా, లేచి అన్నం తిను" అంది బుల్లెమ్మ.

"నాన్న తిన్నాడా?"

"ఆయన తింటే నీ కడుపు నిండుతుందా? ఎవరి కడుపు వాళ్ళది. లే."

"శనివారం తూము మూసేస్తారమ్మా. మళ్ళీ పది రోజులదాకా కాలువ నీళ్ళు రావు. నారు చూస్తే ముదిరిపోతోంది. ఇవాళ బుధవారం. కూలీలు మూడు రోజుల్నించి గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు."

"నాకెందుకు చెబుతావు? మీ నాన్నకి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను ఆయనకి?"

"ఈ మూడు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పావు?"

కోటయ్య మళ్ళీ గోతిలోకి చూశాడు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

బుల్లెమ్మకి విసుగేసింది. తండ్రీకొడుకులిద్దరూ మంచివాళ్ళే. ఊళ్ళో ఎవరి దగ్గరైనా గంటలు గంటలు మాట్లాడతారు. ఎదురెదురు పడితే మాత్రం ఒకడు చుట్ట వెలిగిస్తాడు, ఇంకొకడు తలపాగా సర్దుకుంటాడు. ఇద్దరి మాటలూ మోసీ మోసీ ఆవిడ మెడ పడిపోయింది.

సోమవారం పొద్దున కోటయ్య నలుగురు కూలీలని పలుగూ పారలతో పల్లపు చెక్కలోకి దింపాడు. ఆ నాలుగెకరాల్లోనుంచి ఒకప్పుడు చిన్న వంక పోయేది. కింద పక్క రైతు నింగవ్వ జొన్నచేను మీదుగా వెళ్ళి వాగులో కలిసేది. ఆరేళ్ళ కిందట దాన్ని బుల్డోజరుతో పూడ్చి చదును చేశారు. ఎకరం భూమి కలిసొచ్చిందని ఆ రోజు పాయసం వండుకున్నారు. ఇప్పుడు పల్లపు చెక్కంతా చవుడు తేలి తెల్లగా మెరుస్తోంది. వంక మళ్ళీ తవ్వి మురుగు వాగులోకి పోనిస్తే తప్ప చేను బతకదని కోటయ్య పట్టు.

కూలీ ఇంకా పార ఎత్తకముందే తండ్రి యలమందయ్య ఇంటికొచ్చి నులకమంచం నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. సరిగ్గా పార పడబోయే చోట, పల్లపు చెక్క దిగువ గట్టు పక్కన వేసుకుని పడుకున్నాడు.

"ముందు నన్ను తవ్వండి. తరవాత వంక తవ్వుకుందురుగాని" అన్నాడు.

అరవై ఏళ్ళ మనిషి. అప్పట్నుంచీ అక్కడే తిండి, అక్కడే నిద్ర.

*

బుల్లెమ్మ వెళ్ళేసరికి యలమందయ్య మంచం మీద కూర్చుని చేలోకి చూస్తున్నాడు. చెక్క నిండా నీళ్ళు. చవుడు కడగడానికని పది రోజుల్నించి ఆయనే కాలువ నీళ్ళు పెట్టి నిలవగట్టించాడు. నీళ్ళకీ గట్టుకీ మధ్య జానెడు మేర ఉప్పు అంచు కట్టింది.

"పెట్టి వెళ్ళు" అన్నాడు.

"తిను. గిన్నెలు తీసుకునే వెళ్తాను."

ఆయన చేతులు కడుక్కుని ముద్ద కలిపాడు. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే అడిగాడు.

"వాడేం చేస్తున్నాడు?"

"అడుగు. అదుగో, వెనకే వచ్చాడు. ఆ తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాడు. కేకేస్తే వినపడుతుంది."

"నేనెందుకు కేకెయ్యాలి?"

"అయితే నన్నెందుకడుగుతావు?"

యలమందయ్య పచ్చడి కలుపుకున్నాడు. ఇంతలో గట్టు మీద సైకిలు గంట మోగింది. వచ్చినవాడు బుల్లెమ్మ తమ్ముడు బాపయ్య. వీళ్ళ వెనకాలే, మరుసటేడే దివిసీమ నుంచి వచ్చి పక్కనే పొలం కొనుక్కున్నాడు. వంక పూడ్చమని సలహా ఇచ్చిందీ వాడే, సింధనూరు నుంచి బుల్డోజరు తోలుకొచ్చిందీ వాడే.

"ఇంకా లేవలేదా బావా? భేష్!" అన్నాడు సైకిలు దిగకుండానే. "లేచావా, ఎకరం పోయినట్టే. వాడు కుర్రాడు, వాడికేం తెలుసు? చవుడు మనకి కొత్తా? సముద్రం పక్కన పుట్టి పెరిగిన వాళ్ళం. ఇంకో పది రోజులు నీళ్ళు నిలవగడితే ఉప్పంతా కిందకి దిగిపోతుంది."

"మూడేళ్ళ నుంచి దిగుతూనే ఉందిరా" అంది బుల్లెమ్మ.

"నీకు తెలీదక్కా."

"పోనీ నీ పనేదో నువ్వు చూసుకో. ఆయన్ని ఎగదొయ్యకు."

"ఇదీ నా పనే అక్కా" అన్నాడు బాపయ్య నవ్వుతూ. అక్క మొహం చూసి ఎందుకో నవ్వు ఆపి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

యలమందయ్య మజ్జిగ పోసుకున్నాడు.

"ఒక మాటడుగుతాను చెప్పు" అంది బుల్లెమ్మ. "మనూళ్ళో మా నాన్న చవుడు ఎట్లా కడిగేవాడు?"

"నీళ్ళు పెట్టి."

"పెట్టి?"

"గట్లెత్తి నాలుగు రోజులు నిలవగట్టేవాడు. నీకు తెలీదా? నువ్వే కదా అన్నం పట్టుకెళ్ళేదానివి."

"నిలవగట్టి?"

యలమందయ్య చెయ్యి గిన్నెలో ఆగింది.

"చెప్పవయ్యా. నాలుగు రోజులయ్యాక ఆ నీళ్ళేం చేసేవాడు?"

"మురుగు కాలువలోకి వదిలేవాడు."

"మళ్ళీ?"

"మళ్ళీ పెట్టేవాడు. మళ్ళీ వదిలేవాడు. మూడు విడతలు."

"ఇక్కడ నువ్వు ఎన్ని విడతలు వదిలావు?"

యలమందయ్య వేళ్ళతో మజ్జిగన్నం పిసికాడు.

"ఎక్కడికని వదులుతావు? ఉన్న ఒక్క దారీ పూడ్చేసి మడి కట్టావు. నీళ్ళు పెట్టడం అక్కడ నేర్చుకొచ్చావు. వదలడం అక్కడే వదిలేసి వచ్చావు."

ఎద్దేవా చేద్దామని అనలేదు ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు. అలిసిపోయింది, అంతే. యలమందయ్య మిగిలిన అన్నం పక్కకి జరిపాడు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు.

"తెలుసా?"

"నిరుడే తెలిసింది. రెండో పంట దాళ్వా నాట్లు ఎర్రబడి చచ్చినప్పుడే తెలిసింది."

"తెలిసీ మంచం వేసుకున్నావా!"

"వంక తవ్వాలంటే మన చెక్కలో తవ్వితే సరిపోతుందా బుల్లెమ్మా? మనం పూడ్చాక, కింద నింగవ్వ వాళ్ళు కూడా ఆ పల్లం దున్ని జొన్న వేసుకున్నారు. వాళ్ళ చేలోనుంచి తవ్వితేనే నీళ్ళు వాగులో పడేది. అంటే నేనెళ్ళి నింగవ్వని అడగాలి."

"అడిగితే ఏం పోయింది?"

"కనకప్ప నాకు ముందే చెప్పాడు" అన్నాడు యలమందయ్య. ఈ పొలమంతా వీళ్ళకి అమ్మినవాడు కనకప్ప, నింగవ్వ మొగుడు. "బుల్డోజరు దిగిన రోజు పరిగెత్తుకొచ్చాడు. 'అయ్యా, ఏమన్నా చేసుకో గని ఆ వంకని మాత్రం ముట్టకు, ఈ జమీనుకు అదే తోవ' అన్నాడు. నేను నవ్వాను. ఏడాదికి పది రోజులు పారే గుంట కోసం ఎకరం వదులుకుంటారా అన్నాను. కూలీల ముందు అన్నాను. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మన గడప తొక్కలేదు. రెండేళ్ళకి పోయాడు."

బుల్లెమ్మ వింటోంది. పెళ్ళయి నలభై ఏళ్ళు. ఈ మనిషి తన తప్పు తనే చెప్పుకోవడం ఆవిడ ఎరగదు.

"ఇప్పుడు ఆయన పెళ్ళాం దగ్గరికెళ్ళి ఏమనాలి? ఏ మొహం పెట్టుకుని అడగాలి?"

ఆవిడకి ఒక్కసారిగా జాలేసింది. మూడు రోజులుగా ఈయన కొడుకు మీద పట్టుదలతో పడుకున్నాడని అందరూ అనుకున్నారు. అసలు పడుకున్నది సిగ్గుతో.

"ఉన్న మొహం పెట్టుకునే అడుగు" అంది మెల్లగా. "ఆదివారం కోటయ్య వెళ్ళొచ్చాడు. 'మీ నాయన వచ్చి అడిగితే తోవ ఇస్త' అందట. నీ నోటితో అడగాలందంతే. పెద్ద కోరికా అది?"

యలమందయ్య మంచం దిగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గట్టు దిగి నింగవ్వ చేను వైపు నడిచాడు.

తుమ్మచెట్టు దాటుతున్నప్పుడు కొడుకు పక్కనుంచే వెళ్ళాడు. "నేను వచ్చేదాకా ఆగు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "ఎక్కడికి నాన్నా" అని కోటయ్య అడిగినా సరిపోయేది. అడగలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

తండ్రి కాస్త దూరం పోయాక కోటయ్య గబగబా తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"నింగవ్వ దగ్గరికెళ్తున్నాడు. అడుగుతాడు."

"నిజంగానా!"

"లేచాడుగా. ఇంకేం కావాలి నీకు?"

బుల్లెమ్మ గిన్నెలు క్యారేజీలో పెట్టుకుంది. దుప్పటి మడిచింది. ఎక్కడైనా నీడన కాసేపు నడుం వాలిస్తే చాలనిపించింది. ఇంటికి వెళ్తూ, వెనక కొడుకు కూలీలని కేకేయడం వింది.

"ఆయన వెళ్ళి అడగడమే కావలసింది. నింగవ్వ మాటిచ్చిందిగా. ఆ మంచం పక్కన పెట్టండి. ముందు పూడిక మట్టి తీద్దాం. గట్టు జోలికి ఇప్పుడే పోకండి, నానిపోయి ఉంది."

జాగ్రత్త గలవాడే అనుకుంది బుల్లెమ్మ. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచింది.

*

నింగవ్వ ఇల్లు జొన్నచేనుకి అవతలి కొసన, వాగు ఒడ్డు మీద ఉంది. మట్టి గోడలు, మట్టి కప్పిన మాళిగ. ముంగిట్లో నింగవ్వ చాట పట్టుకుని కూర్చుంది. యలమందయ్యని చూసి కొంగు తల మీదకి లాక్కుంది. ఆవిడ పుట్టిల్లు గద్వాల వైపు. తెలుగు అక్కడి యాసలోనే మాట్లాడుతుంది.

"రా అయ్యా. కూసో" అంది గోనెపట్టా పరిచి.

"నింగవ్వా, నేనొక పని మీద..."

"పని ఏడికి పోతది? మొదలు నీళ్ళు తాగు."

లోపలికి వెళ్ళి చిన్న బెల్లం ముక్కా, కంచు చెంబుతో నీళ్ళూ తెచ్చింది. గడప తొక్కినవాళ్ళకి బెల్లమూ నీళ్ళూ ఇవ్వందే మాట మొదలుపెట్టకపోవడం ఆ ఇంటి పద్ధతి. పదకొండేళ్ళుగా పక్క పక్క పొలాలైనా యలమందయ్య ఆ గడప తొక్కడం ఇదే మొదలు.

బెల్లం నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు ఎత్తి గుక్కెడు తాగాడు. నోట్లో ఉన్న తీపంతా పోయింది. ఉప్పు, ఆ వెనక చేదు. మింగాలో ఉమ్మాలో తెలియక ఒక్క క్షణం ఆగి, మింగాడు.

"ఎక్కడివి ఈ నీళ్ళు?"

"ఇంకేడియి? వాగుల చెలమయే. నేను ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి ఆ చెలమనే. ముందు వాగు ఎండితే ఇసుకల మూరెడు తోడితే సాలు, కొబ్బరి నీళ్ళున్నట్టు ఉంటుండె. ఇప్పుడు వాగు పన్నెండు నెలలు పారుతది. అన్నీ మీ వరి మళ్ళ నీళ్ళే. వాగు నిండ నీళ్ళుంటయి, తాగనీకి సుక్క ఉండదు."

యలమందయ్య ఇంట్లో కాలువ నీళ్ళు తొట్టికెత్తి, చిల్లగింజతో తేర్చి తాగుతారు. ఇక్కడ ఏం తాగుతున్నారో ఏనాడూ ఆలోచించలేదు. చెంబు కింద పెట్టబోయి, ఆవిడ చూస్తోందని మళ్ళీ ఎత్తాడు. మొత్తం తాగాడు.

"ఇగ చెప్పు" అంది నింగవ్వ.

"కనకప్ప చెప్పాడు, నేను వినలేదు" అన్నాడు. దారి పొడుగునా ఏవేవో అనుకుంటూ వచ్చాడు. నోటికి వచ్చింది మాత్రం ఇదే. "వంక పూడ్చడం నాదే తప్పు. నా చేను పోయింది, నీ చేనూ పాడు చేశాను. తిరిగి తవ్వుకోవడానికి తోవ ఇవ్వమని అడగడానికి వచ్చాను."

నింగవ్వ చాటలోని రాళ్ళు ఏరుతూనే ఉంది.

"ఆయన ఉండంగ ఈ మాట ఇన్నా బాగుండు" అంది.

"బాగుండేది."

"ఆదారం నీ కొడుకొచ్చిండు. మా నాయన వచ్చి అడుగుతడన్నడు. సరే అన్న. సోమారం పొద్దుగాల నుంచి ఈడనే కూసున్న. నువ్వు మంచం నెత్తిన పెట్టుకోని వస్తుంటివి. ఈడికేనేమో అనుకున్న. గట్టు మీద ఏసుకుంటివి. మంగళారం చూసిన. నీ మంచం కండ్లకు కనబడుతనే ఉండె."

యలమందయ్య తల వంచుకున్నాడు.

"ఆరు సాళ్ళు తెల్లగయినయి ఈ ఏడు. వచ్చే ఏడు ఇంకెన్ని అయితయో. ఒక్కదాన్ని, ఎన్నాళ్ళని చూడాలె? మంగళారం నడిపొద్దుకు నీ బామ్మర్ది వచ్చిండు. నన్ను సిరవార కచేరికి తోల్కపోయిండు. జమీను అమ్మినట్టు ఏలుముద్ర ఏసిన."

"ఎవరు? బాపయ్యా?"

"ఆయననే. ఇంతకు ముందు రెండుసార్లు అడిగిండు, ఇయ్యనన్న. మొన్నటిదాంక ఇయ్యనన్న. నువ్వు వస్తవు, వంక తెరుస్తవు, జమీను మళ్ళ బాగయితదనుకున్న. నువ్వు రాకపోతివి."

ఇందాక బాపయ్య నవ్విన నవ్వు ఎందుకో యలమందయ్యకి అర్థమైంది. వంక తెరిస్తే పోయేది వాడి భూమి. బావని మంచం మీంచి లేవొద్దన్నది అందుకు. సొంత బామ్మర్ది. కోపం రావలసిందే, కానీ రాలేదు. మూడు రోజుల ముందు నాలుగు అడుగులు వేసి ఉంటే సరిపోయేదని మాత్రం మళ్ళీ మళ్ళీ అనిపించింది.

"అయితే ఇక తోవ ఇవ్వడానికి నీకు హక్కు లేదన్న మాట."

"జమీను నాది గాదు. ఈ జొన్న నాది" అంది నింగవ్వ చేను వైపు చెయ్యి చూపించి. మధ్యలో ఆరు సాళ్ళు కురచగా తెల్లబారి ఉన్నా, మిగతా చేను నిలువెత్తున ఉంది. కంకులు గింజ గట్టిపడుతున్నాయి. "పంట కోసుకున్నంకనే ఇస్తనని కాయితంల రాపిచ్చిన. ఇంక పదిహేను దినాలు. కోసుకోని, గబ్బూరుల బిడ్డ ఇంటికి పోత."

"అక్కడే ఉంటావా ఇక?"

"ఇంకేడ ఉంటా? అల్లుడు మంచోడే. అయినా ఉత్త చేతుల్తోటి ఎట్ల పోవాలె? ఈ జొన్నలు తీస్కోని పోతే ఏడాది దాంక నా రొట్టె నేను తిన్నట్టు ఉంటది. ఒకరి కంచంల చెయ్యి పెట్టినట్టు ఉండదు. నాకు ఇంకేం వద్దు అయ్యా. నీ బామ్మర్దితోటి నువ్వు ఏమన్న చేసుకో, తవ్వుకుంటవో కొట్లాడుకుంటవో. పదిహేను దినాలు ఆగు."

పదిహేను రోజులంటే తూము మూసేస్తారు, నారు ముదిరిపోతుంది, దాళ్వా పోయినట్టే. ఆ లెక్క యలమందయ్యకి తెలుసు. మూడు రోజుల కిందటి యలమందయ్య అయితే ఆ లెక్కే మాట్లాడేవాడు.

"ఆగుతాను" అన్నాడు.

"నిజమేనా?"

"నువ్వు ఆఖరి కంకి కోసుకుని బండెక్కేదాకా ఆ వంక మీద పార పడదు. దాళ్వా పోతే పోయింది. నా మాట ఇది. కనకప్పకి ఇచ్చాననుకో."

మొగుడి పేరు విని నింగవ్వ చాట పక్కన పెట్టింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన వచ్చిన తరవాత మొదటిసారి, కాస్త నవ్వు మొహంతో చూసింది.

"ఇంకిన్ని నీళ్ళు తాగుతవా?" అని అడిగి, తనే నాలుక కరుచుకుంది. "వద్దులే. ఆ ఉప్పు నీళ్ళు నీకు పడవు. మజ్జిగ ఇస్త."

"నీళ్ళే ఇవ్వు" అన్నాడు యలమందయ్య.

ఆవిడ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన స్తంభానికి ఆనుకున్నాడు. మనసు తేలిగ్గా ఉంది. ఇంటికెళ్ళి కోటయ్యని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, జరిగిందంతా చెప్పాలనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకుంటున్నాడు.

అప్పుడు జొన్నచేలో అలికిడైంది. గొడ్డు పడిందేమో అనుకుని లేచి చూశాడు. గాలి లేదు, చేను పైకొసన మాత్రం జొన్నకర్రలు కదులుతున్నాయి. ముందు ఒక సాలు, తరవాత పక్క సాలు, ఆ తరవాత పది సాళ్ళు ఒక్కసారిగా వంగాయి. వాటి మొదళ్ళలోంచి నీళ్ళు బయటికి వచ్చాయి. తెల్లటి నురగతో, ఎండిన ఆకుల్నీ పురుగుల్నీ తోసుకుంటూ వస్తున్నాయి.

పల్లపు చెక్కలో పది రోజులు నిలవగట్టిన నీళ్ళు. తన నీళ్ళు. చవుడంతా కలిసిన నీళ్ళు. అంతలా నానిన గట్టు పక్కన మట్టి తీస్తే గట్టు నిలవదని ఆయనకి తెలుసు. ఆ సంగతి చెప్పి వచ్చి ఉండవలసింది.

పై గట్టు మీద మనుషులు అటూ ఇటూ పరిగెడుతున్నారు. కోటయ్య నడుం లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా బురద ఎత్తి గండిలో వేస్తున్నాడు. వేసింది వేసినట్టు కొట్టుకుపోతోంది. తండ్రి కనిపించగానే తల ఎత్తి గొంతు చించుకున్నాడు.

"నాన్నా!"

మూడు రోజుల తరవాత కొడుకు పిలిచిన మొదటి పిలుపు అది.

నింగవ్వ చెంబుతో బయటికి వచ్చింది. చేను చూసింది. కంకులు బరువుకి ఒరిగి నీళ్ళలో పడుతున్నాయి. ఆవిడ అరవలేదు, పరిగెత్తలేదు. చెంబు జాగ్రత్తగా అరుగు మీద పెట్టింది.

"ఎవరు ఇడిసిండ్రు ఈ నీళ్ళు?" అంది.

యలమందయ్య పై గట్టు వైపు చూశాడు.

"నీ కొడుకేనా? నువ్వు ఈడ అడుగుతుండంగనే, ఆడ తెంపిండా?"

కోటయ్య మళ్ళీ పిలిచాడు. గొంతులో ఏడుపు ఉంది.

"వాడు కాదు" అన్నాడు యలమందయ్య. "వాడికేం తెలీదు. తెంపమని నేనే చెప్పి వచ్చాను."

నింగవ్వ ఆయన మొహంలోకి చూసింది. నమ్మింది.